జపాన్‌లో అత్తగారికి పెరుగన్నం దొరుకుతుందా?

ప్రశ్న: మేం విజయవాడలో ఉంటాం. బాబు వేసవి సెలవుల్లో జపాన్ వెళ్లాలనుకుంటున్నాం. నేను, మావారు, పద్నాలుగేళ్ల మా బాబు, మా అత్తగారు, మొత్తం నలుగురం. తొమ్మిది రోజులు. మావారు వేసిన ప్లాన్‌లో టోక్యో, ఫుజి కొండ, క్యోటో, నారా, హిరోషిమా, ఒసాకా, మళ్లీ టోక్యో ఉన్నాయి. అత్తయ్యగారికి 67 ఏళ్లు. మోకాళ్ల నొప్పులు, షుగర్ ఉన్నాయి. శాకాహారి, గుడ్డు కూడా ముట్టరు. బయట తింటే ఉల్లి, వెల్లుల్లి కూడా వద్దంటారు. "నా కోసం మీరేం మానుకోవద్దు, ఇంత పెరుగన్నం దొరికితే చాలు" అంటున్నారు. మిగతావాళ్లం కోడి, చేప తింటాం, గొడ్డు మాంసం, పంది మాంసం తినం. బాబుకి టోక్యోలో బొమ్మలు, ఎలక్ట్రానిక్స్ అమ్మే అకిహబారా పేట అంటే పిచ్చి. నాకు మంచి రైస్ కుక్కర్, ఒక ముత్యాల దండ కొనుక్కోవాలని ఉంది. టికెట్లు ఇంకా తీసుకోలేదు. ఏం చూడాలి, ఎక్కడ తినాలి, ఏం కొనాలి? నాకు ఒకటే టెన్షన్‌గా ఉంది.
- ఒక పాఠకురాలు

సమాధానం: ముందు ఆ పెరుగన్నం సంగతి తేల్చేద్దాం. దొరుకుతుంది. జపాన్‌లో ఏ సూపర్‌మార్కెట్‌కి వెళ్లినా, చాలా కన్వీనియన్స్ స్టోర్లలో కూడా, వండిన తెల్లన్నం చిన్న ప్లాస్టిక్ గిన్నెల్లో సీలు చేసి అమ్ముతారు. మూత కొంచెం తీసి రెండు నిమిషాలు మైక్రోవేవ్‌లో పెడితే పొగలు కక్కే అన్నం సిద్ధం. పక్క ఫ్రిజ్‌లో 'మెయిజీ బల్గేరియా' అని తెల్లటి 400 గ్రాముల పెరుగు డబ్బా ఉంటుంది. చక్కెర వేయని రకం చూసి తీసుకోండి. అక్కడి అన్నం కాస్త జిగురుగా ఉంటుంది. పులిహోరకైతే ముద్దవుతుంది గానీ, పెరుగులోకి మాత్రం బ్రహ్మాండంగా కలుస్తుంది.

మీ ఉత్తరంలో నాకు నచ్చనిది మీవారి ప్లాన్. చూడాల్సినవన్నీ వరసగా రాసుకుని, తిండి దారిలో ఎక్కడో దొరక్కపోతుందా అనుకునే ప్లాన్ అది. కుర్రాళ్లు నలుగురు వెళ్తే నడుస్తుంది. షుగర్ ఉన్న శాకాహారి పెద్దావిడతో నడవదు. జపాన్‌లో చాలా హోటళ్లు మధ్యాహ్నం రెండు, రెండున్నరకల్లా వంట ఆపేసి మళ్లీ సాయంత్రం ఐదింటికి గానీ తెరవవు. కాబట్టి ప్రతిరోజూ మధ్యాహ్న భోజనం ఎక్కడో ముందు ఖాయం చేసుకోండి. ఆ చుట్టుపక్కల, నడక దూరంలో ఏముందో అది చూడండి. ఆ దేశంలో ఏ పేటకు వెళ్లినా చూడటానికి ఏదో ఒకటి ఉంటుంది. అత్తయ్యగారు తినగలిగింది మాత్రం ప్రతి పేటలో ఉండదు.

ఎందుకు ఉండదంటే, అక్కడి వంటకు ప్రాణం 'దషి'. ఎండబెట్టిన చేపను చెక్కపొట్టులా చెక్కి, దాన్నీ కొంబు అనే సముద్రపు నాచునీ నీళ్లలో వేసి తీసే రసం అది. మిసో సూప్‌లో అదే, ఉదోన్, సోబా నూడుల్స్ పులుసులో అదే, కూరగాయలు ఉడికించేదీ చాలాసార్లు అందులోనే. మన బజ్జీల్లాంటి టెంపురా నంజుకునే పులుసులోనూ ఉంటుంది. మెనూ బొమ్మలో కూరగాయలే కనిపిస్తాయి, కింద చేప రసం ఉంటుంది. 'వెజిటేరియన్' అని చెబితే ఎదుటివాళ్లు మాంసం ముక్కలు తీసేసి, అదే రసం పోసి, నవ్వుతూ తెచ్చి పెడతారు. పాపం వాళ్ల తప్పేం లేదు. అందుకని విడమరిచి చెప్పాలి: "నికు తో సకానా వా తబేరరెమసెన్. కత్సువో దషి మో డమే దెస్." మాంసం, చేప తినం, చేప దషి కూడా కుదరదు అని అర్థం. మీ ఉచ్చారణను నమ్ముకోకుండా, ఇదే విషయాన్ని గుడ్డు, ఉల్లి, వెల్లుల్లి కూడా కలిపి జపనీస్ లిపిలో ఒక కాగితం మీద ప్రింటు తీయించి పర్సులో పెట్టుకోండి. వాళ్లు ఆ కాగితం తీసుకుని వంటింట్లోకి వెళ్లి వంటాయన్ని అడిగి వస్తారు. కుదరదని చెబితే బతిమాలకండి, మర్యాదగా లేచి వచ్చేయండి. అబద్ధం చెప్పి పెట్టరు, అదొక్కటి నిశ్చింత.

దారిలో ఆకలేస్తే కన్వీనియన్స్ స్టోరే దిక్కు. సెవెన్ ఇలెవన్, ఫ్యామిలీ మార్ట్, లాసన్ ప్రతి సందు చివరా ఉంటాయి, చాలావరకు ఇరవైనాలుగు గంటలూ తెరిచే ఉంటాయి. అక్కడ ఒనిగిరి అని మూడు మూలల అన్నం ముద్దలు అమ్ముతారు. ఉప్పు మాత్రమే వేసింది 'షియో', పుల్లటి ఉప్పు పండు పెట్టింది 'ఉమే'. పైకవరు మీద 1, 2, 3 అని అంకెలు ఉంటాయి. 1 దగ్గరున్న పట్టీని పైనుంచి కిందకు చుట్టూ లాగాలి, తర్వాత 2, 3 మూలలు పట్టుకుని చెరో పక్కకు లాగాలి. అలా లాగితే అన్నానికీ నాచు కాగితానికీ మధ్య ఉన్న ప్లాస్టిక్ పొర జారిపోయి, నాచు కరకరలాడుతూ అన్నాన్ని చుట్టుకుంటుంది. అడ్డదిడ్డంగా చింపితే నాచంతా ప్లాస్టిక్‌తోనే పోతుంది. మీ బాబుకి అప్పజెప్పండి, రెండోసారికి నేర్చేసుకుంటాడు. ఉమే ఒనిగిరిలో కూడా కొన్ని కంపెనీలు చేప రుచి కలుపుతాయి, కొనేముందు వెనకున్న లేబుల్‌ని ఫోన్‌లోని అనువాద యాప్‌తో ఒకసారి చూడండి. కాల్చిన చిలగడదుంప 'యాకి ఇమో' అని సూపర్‌మార్కెట్లలో, డాన్ కిహోటే షాపుల్లో వేడివేడిగా అమ్ముతారు. లోపల హల్వాలా ఉంటుంది. అయితే తీపి ఎక్కువ, అత్తయ్యగారు సగంతో ఆపాలి.

ఇక ఆవిడ ఏ అనుమానమూ లేకుండా తినగలిగే భోజనం ఒకటుంది. 'షోజిన్ ర్యోరి' అంటారు, బౌద్ధ సన్యాసుల భోజనం. చేపా మాంసం గుడ్డూ లేకపోవడమే కాదు, ఉల్లి, వెల్లుల్లి కూడా నిషిద్ధం. దషి కూడా కొంబు, ఎండు పుట్టగొడుగులతో తీస్తారు. పుట్టగొడుగులు ఆవిడ తింటారో లేదో మీరు అడగాలి. క్యోటోలో అరషియామా దగ్గర తెన్‌ర్యూజీ ఆలయం ఆవరణలో 'షిగెత్సు' అనే భోజనశాల ఉంది. ఎర్ర లక్క గిన్నెల్లో నువ్వుల టోఫు, ఉడికించిన కూరలు, ఊరగాయ, అన్నం, సూప్ కొంచెం కొంచెంగా వడ్డిస్తారు. అక్కడ మాత్రం నేల మీద కూర్చోవడం ఉంటుంది కాబట్టి, బుక్ చేసేటప్పుడే కుర్చీ దొరుకుతుందా అని హోటల్ వాళ్లచేత అడిగించండి. తలకు సుమారు నాలుగు వేల యెన్ల దగ్గర మొదలవుతుంది. యెన్‌ని అరవై పైసలకు అటూ ఇటూగా లెక్కేసుకోండి. మనకు కారాలు అలవాటు కాబట్టి మొదటి ముద్దకు 'ఇందులో ఉప్పేదీ' అనిపిస్తుంది. ఒక ఆవకాయ పొట్లం సంచిలో ఉంటే ఉండనివ్వండి గానీ, ఆ భోజనంలోకి మాత్రం తీయకండి.

పొట్లం అన్నాను కాబట్టి అదీ చెబుతాను. మామిడి ఆవకాయ, గోంగూర, పప్పుల పొడులు, ఉప్మా ప్యాకెట్లు తీసుకెళ్లొచ్చు. నాటుకోడి పచ్చడి, మటన్ పచ్చడి, రొయ్యల పొడితో కలిపి వేయించిన మాంసం ముక్కలు లాంటివి మాత్రం ఇంట్లోనే ఉంచండి. జపాన్‌లోకి మాంసంతో చేసినవి తేవడం నిషేధం, పచ్చడైనా సరే. విమానాశ్రయంలో కుక్కలు వాసన పట్టేస్తాయి. పచ్చి కరివేపాకు, పచ్చిమిరపకాయలు, మామిడిపళ్లు కూడా తీసుకెళ్లకండి. మే నెలలో బంగినపల్లి వదిలి వెళ్లడం కష్టమే. అక్కడ మియజాకి మామిడిపండు ఒక్కోటి వేల యెన్లు పెట్టి అద్దాల పెట్టెలో ఉంటుంది, అత్తయ్యగారికి చూపించండి, కాసేపు నవ్వుకుంటారు. మందుల్లో జలుబు మాత్రలు జాగ్రత్త. ముక్కు దిబ్బడకు వాడే సూడోఎఫెడ్రిన్ పది శాతం దాటి ఉన్న మందులు అక్కడ చట్టరీత్యా నిషిద్ధం, మనకు మందుల షాపులో మామూలుగా దొరికేవైనా సరే. షుగర్ మాత్రలు నెలకు సరిపడా లోపు, డాక్టర్ చీటీతో సహా తీసుకెళ్లండి.

మనవాళ్లు చాలామంది చిన్న ఎలక్ట్రిక్ కుక్కర్, కెటిల్ సూట్‌కేసులో సర్దుకుని వెళ్తారు. జపాన్‌లో కరెంటు 100 వోల్టులు. మన 230 వోల్టుల కుక్కర్ అక్కడ గోరువెచ్చగా అయి ఊరుకుంటుంది. దాని బదులు వంటగది ఉన్న గది తీసుకోండి. 'మిమారు' అని కుటుంబాల కోసమే కట్టిన అపార్ట్‌మెంట్ హోటళ్లు టోక్యో, క్యోటో, ఒసాకాలో ఉన్నాయి. నలుగురికి ఒకే గది, పొయ్యి, గిన్నెలు, మైక్రోవేవ్ ఉంటాయి. ఒక గదికి అద్దె ఎక్కువనిపించినా రెండు మామూలు గదులతో పోల్చి చూడండి. పొద్దున్నే ఆవిడకి ఉప్మా చేసిచ్చి, డబ్బాలో పెరుగన్నం కట్టుకుంటే రోజులో సగం టెన్షన్ పోతుంది.

ఇప్పుడు ఊళ్లు. హిరోషిమా తీసేయండి. అది గొప్ప ప్రదేశమే, కానీ 1945 ఆగస్టు 6ని గుర్తుచేసే ఆ మ్యూజియాన్ని రైలు దిగి పరుగెత్తి, చూసి, మళ్లీ రైలెక్కడం కోసం వెళ్లకూడదు. ఫుజి కొండకు ప్రత్యేకంగా వెళ్లడం కూడా మానేయండి. మేఘం కమ్మితే ఏమీ కనబడదు, రోజంతా బస్సులో పోతుంది. టోక్యో నుంచి క్యోటో వెళ్లే షింకన్‌సెన్ బుల్లెట్ రైల్లో ఇంగ్లిష్ 'E' అక్షరం ఉన్న కిటికీ సీటు బుక్ చేసుకోండి. మబ్బు లేకపోతే బయల్దేరిన ముప్పావు గంటకు కుడివైపు కొండ కనిపిస్తుంది. టోక్యోలో దిగి, ఒసాకా నుంచి తిరుగు విమానం ఎక్కండి. హైదరాబాద్ నుంచి వెళ్లినా ఎలాగూ సింగపూర్, బ్యాంకాక్, హాంకాంగ్ లాంటి చోట విమానం మారాలి. 'మల్టీ సిటీ' అని పెట్టి వెతికితే ఒక ఊళ్లో దిగి ఇంకో ఊరి నుంచి వచ్చే టికెట్లు దాదాపు అదే ధరకు చాలాసార్లు దొరుకుతాయి. అప్పుడు మళ్లీ టోక్యోకు వెనక్కి రావాల్సిన పని ఉండదు. టోక్యోలో నాలుగు రాత్రులు, క్యోటోలో మూడు, ఒసాకాలో ఒకటి. అంతే.

ఇలా వెళ్తే జపాన్ రైల్ పాస్ కొననక్కర్లేదు. 2023 అక్టోబర్‌లో ఏడు రోజుల పాస్ ధర 29,650 యెన్ల నుంచి ఒక్కసారిగా 50,000కి పెంచారు. టోక్యో-క్యోటో ఒకవైపు టికెట్ సుమారు 14,000. పాత వీడియోలు చూసి పాస్ కొంటే నలుగురికీ కలిపి బోలెడు నష్టం. మీ బాబుకి పన్నెండు దాటాయి కాబట్టి పూర్తి టికెట్టే. నగరం లోపల రైళ్లలో, బస్సుల్లో తిరగడానికి సుయికా అనే ప్రీపెయిడ్ కార్డు తీసుకుని డబ్బు వేసుకోండి, క్యోటో, ఒసాకాలో కూడా అదే పనిచేస్తుంది. పెద్ద సూట్‌కేసులు రైల్లో మోయకండి. హోటల్ కౌంటర్‌లో ఇస్తే కొరియర్ వాళ్లు మర్నాటికి క్యోటో హోటల్‌కు చేరుస్తారు. పెట్టెకు రెండు మూడు వేల యెన్లు అవుతుంది, ఆవిడ మోకాళ్ల కోసం ఆ ఖర్చు పెట్టాల్సిందే.

తేదీల విషయంలో ఒక హెచ్చరిక. మన బడుల సెలవులు ఏప్రిల్ చివర మొదలవుతాయి. సరిగ్గా అప్పుడే, ఏప్రిల్ 29 నుంచి మే 5 దాకా, అక్కడ 'గోల్డెన్ వీక్'. దేశమంతా కదులుతుంది, హోటల్ ధరలు రెట్టింపవుతాయి, రైల్లో సీటు దొరకదు. మే 8 తర్వాత దిగేలా చూసుకోండి. జూన్‌లో వానలు పట్టుకుంటాయి కాబట్టి మే నెలాఖరులోపు వచ్చేయండి. ఆ రోజుల్లో క్యోటో, నారాల్లో జపాన్ బడిపిల్లల విహారయాత్రలు జోరుగా ఉంటాయి, పొద్దున్నే వెళ్తే వాళ్లకంటే ముందుంటారు.

టోక్యోలో ఉఎనో దగ్గర దిగండి. నరిటా విమానాశ్రయం నుంచి స్కైలైనర్ రైలు నేరుగా అక్కడికే వస్తుంది, ముప్పావు గంట ప్రయాణం. ఉఎనో నుంచి దక్షిణంగా ఒక స్టేషన్ ఒకాచిమాచి, రెండో స్టేషన్ మీ బాబు కలలుగనే అకిహబారా. తూర్పున అసకుసా. నడిచేవాళ్లు నడవొచ్చు, ఆవిడకి టాక్సీ. ఒకాచిమాచిలో 'ఆంధ్రా కిచెన్' అని మనవాళ్ల హోటల్ ఉంది. దోసె, సాంబారు, పప్పు కోసం వెతుక్కుంటూ జపాన్ వాళ్లే క్యూ కడతారు. ఆ రోజు తెరిచి ఉందో లేదో బయల్దేరే ముందు ఫోన్‌లో చూసుకోండి. అత్తయ్యగారికి ఉల్లి వెల్లుల్లి లేకుండా ఏముందో తెలుగులోనే అడిగి చూడొచ్చు. టోక్యోలో ఉన్న నాలుగు రోజుల్లో రెండు మధ్యాహ్నాలు ఇక్కడే ఖాయం చేసుకోండి, సిగ్గుపడాల్సిన పనేం లేదు. విదేశం వెళ్లి కూడా మన తిండేనా అని వెక్కిరించేవాళ్లకు షుగర్ ఉండదు, మోకాళ్ల నొప్పులూ ఉండవు.

అసకుసాలో సెన్సోజీ ఆలయం టోక్యోలో అన్నింటికన్నా పాతది. పెద్ద ఎర్ర కాగితపు లాంతరు కింద నుంచి లోపలికి వెళ్లాలి. పొద్దున ఏడింటికి వెళ్లండి, పదింటికల్లా తిరునాళ్లలా ఉంటుంది. అందరూ అక్కడితో వెనక్కి తిరుగుతారు. మీరు అత్తయ్యగారిని తీసుకుని ఇంకో పది నిమిషాలు నది పక్కగా వెళ్లండి. చిన్న గుట్ట మీద మత్సుచియామా షోదెన్ అనే ఆలయం ఉంది. అక్కడి దేవుడు మన వినాయకుడే. వందల ఏళ్ల కిందట బౌద్ధంతో పాటు జపాన్ చేరి, అక్కడ కాంగితెన్ అయ్యాడు. మూలమూర్తిని ఎవరికీ చూపించరు. నైవేద్యం ఏమిటనుకున్నారు? తెల్ల ముల్లంగి. ఆలయంలోనే నిండు ముల్లంగి కొని, దేవుడి ముందు వరసగా పేర్చి దణ్ణం పెట్టుకుంటారు. మెట్ల మీద, రాతి మీద ఎక్కడ చూసినా జంట ముల్లంగుల బొమ్మ చెక్కి ఉంటుంది. కుడుములు లేవని ఆవిడ బాధపడతారో, ముల్లంగి చూసి మురిసిపోతారో నాకు చెప్పి తీరాలి. ఉఎనో పార్కులో షినొబజు చెరువు మధ్య ఉన్న ఎనిమిది మూలల గుడిలో బెన్‌జైతెన్ ఉంటుంది, అంటే సరస్వతి. జపాన్ బొమ్మల్లో సాధారణంగా ఆమె చేతిలో వీణ బదులు బివా అనే వాయిద్యం ఉంటుంది. చదువుకునే పిల్లాడు ఉన్నాడు కదా, వాణ్ణి అకిహబారా పంపే ముందు అటు తిప్పండి.

అకిహబారాలో బాబును, వాళ్ల నాన్నను ఒక పూట వదిలేయండి. రేడియో కైకాన్ అనే భవనంలో అంతస్తు అంతస్తుకూ బొమ్మలు, కార్డులు. కొత్తవాటికంటే వాడిన బొమ్మలు సగం ధరకు దొరుకుతాయి, పెట్టె కూడా చెక్కు చెదరకుండా ఉంటుంది. వాడి చేతికి ఇంత అని యెన్లు ముందే ఇచ్చి, అది అయిపోతే అంతే అని చెప్పండి. నాణెం వేసి తిప్పితే బంతిలో బొమ్మ వచ్చే గాషాపోన్ యంత్రాల దగ్గర డబ్బు ఎలా పోతుందో తెలియదు. ఊరంతా పైనుంచి చూడాలంటే స్కైట్రీ టవర్‌కి టికెట్లు కొననక్కర్లేదు. షింజుకులోని టోక్యో మెట్రోపాలిటన్ ప్రభుత్వ భవనం 45వ అంతస్తు నుంచి, 202 మీటర్ల ఎత్తులో, ఉచితంగా చూడొచ్చు. లిఫ్ట్ నేరుగా పైకి తీసుకెళ్తుంది.

క్యోటోలో గుళ్లు చాలావరకు సాయంత్రం ఐదింటికల్లా మూసేస్తారు, షాపులు పదింటికి గానీ తెరవరు. అందుకే పొద్దున గుడి, మధ్యాహ్నం భోజనం, తర్వాత కొనుగోళ్లు అనుకోండి. ఫుషిమి ఇనారిలో వేల ఎర్ర తోరణ ద్వారాలు కొండ ఎక్కుతూ వరస తీరి ఉంటాయి. టికెట్ లేదు, రాత్రీపగలూ తెరిచే ఉంటుంది. క్యోటో స్టేషన్ నుంచి ఇనారి స్టేషన్ ఐదు నిమిషాలే, దిగగానే ఎదురుగా గుడి. ఆవిడ కింది మంటపం దగ్గర కూర్చుంటారు, మీరు మొదటి తోరణాల వరస దాటి వచ్చేయండి. శిఖరం దాకా ఎక్కితే వచ్చేదేం లేదు. ఆవిడ కోసం నేను గట్టిగా చెప్పేది సాంజూసాంగెన్‌దో. అంతా చదునుగా ఉంటుంది. దాదాపు 120 మీటర్ల పొడవున్న ఒకే ఒక చెక్క మంటపం. లోపల కరుణకు మారుపేరైన బోధిసత్త్వుడు కన్నోన్ విగ్రహాలు 1,001, వాటి ముందు 28 మంది రక్షక దేవతలు. వాళ్లలో ఇంద్రుడున్నాడు, బ్రహ్మ ఉన్నాడు, పక్షి ముఖంతో మురళి ఊదుతున్న గరుత్మంతుడు ఉన్నాడు. ఫోటోలు తీయనివ్వరు, కాబట్టి మీ బాబు కూడా కళ్లతో చూస్తాడు. బస్సు టికెట్ మనిషికి 230 యెన్లు, నలుగురికి తొమ్మిది వందలు దాటుతుంది. దగ్గర దూరాలకు టాక్సీ దాదాపు అంతే అవుతుంది. టాక్సీ తలుపు దానంతటదే తెరుచుకుంటుంది, చేయి వేయకండి. గెయిషాల పాత పేట గియోన్‌లో కొన్ని సందులు ప్రైవేటువి, 2024 నుంచి యాత్రికులు అటు వెళ్లకూడదని బోర్డులు పెట్టారు, వెళ్తే పదివేల యెన్ల జరిమానా.

నారాకు క్యోటో నుంచి కింతెత్సు లిమిటెడ్ ఎక్స్‌ప్రెస్ రైల్లో 35 నిమిషాలు. ఆ స్టేషనే పార్కుకు దగ్గర. తోదాయ్‌జీలో సుమారు 15 మీటర్ల ఎత్తున్న కంచు బుద్ధుడు ఉన్నాడు. 752లో ఆ విగ్రహానికి కళ్లు దిద్దే వేడుక చేసింది మనదేశం నుంచి వెళ్లిన బోధిసేనుడు. ఆయన పట్టుకున్న కుంచెకు పొడవాటి దారాలు కట్టి, కూడిన జనమంతా ఆ దారాలు పట్టుకున్నారట. ఈ ముక్క లోపలికి వెళ్లే ముందే ఆవిడకి చెప్పండి. పార్కులో జింకలు వంగి నమస్కారం పెట్టి బిస్కెట్లు అడుగుతాయి. ఇవ్వడం ఆలస్యమైతే చీర కొంగు లాగుతాయి, చేతిలో కాగితాలుంటే తినేస్తాయి. టికెట్లు, పాస్‌పోర్టు సంచిలో పెట్టి జిప్ వేయండి.

ఒసాకా ఎక్కువగా తిండి కోసమే, అదీ మీరు ముగ్గురి కోసం. తోరి అంటే కోడి, బుతా లేదా తోన్ అంటే పంది, గ్యూ అంటే గొడ్డు మాంసం. రామెన్ అనే నూడుల్స్ పులుసు చాలావరకు పంది ఎముకలది, జపాన్ కర్రీకి వాడే 'రూ' అనే మసాలా ముద్దలో కూడా చాలాసార్లు పంది, గొడ్డు కొవ్వు ఉంటుంది. యాకిటోరి అంటే పుల్లకు గుచ్చి కాల్చిన కోడి, కరాగె అంటే మన చికెన్ పకోడీ, ఒయాకోదోన్ అంటే కోడి, గుడ్డు వేసిన అన్నం. ఇవి ధైర్యంగా తినొచ్చు. తిరిగే బెల్టు మీద సుషి పళ్లేలు వచ్చే చోట బాబు లేవడు, దోసకాయ రోల్, 'కప్పా మాకి', దొరుకుతుంది కాబట్టి అత్తయ్యగారు కూడా ఉత్తినే కూర్చోనక్కర్లేదు. కాలువ పక్క వీధి దోతోన్‌బోరిలో రాత్రి దీపాలు ఒక్కసారి చూస్తే చాలు. కురోమోన్ బజార్‌లో ఇప్పుడు యాత్రికుల ధరలు, నేనైతే వెళ్లను. యూనివర్సల్ స్టూడియోస్‌లో నింటెండో విభాగం 2021లో తెరిచారు. తండ్రీకొడుకులు రోజంతా అక్కడ ఉండాలనుకుంటే టికెట్ ముందే కొనుక్కోవాలి. మీరిద్దరూ షిన్‌సైబాషి బజారులో నీడపట్టున తిరగొచ్చు.

కొనే వస్తువుల్లో మొదట వద్దనేది మీ రైస్ కుక్కరే. అక్కడి షాపుల్లో మెరిసిపోయేవన్నీ 100 వోల్టులవి, ఇంటికి తెచ్చి నేరుగా ప్లగ్గులో పెడితే కాలిపోతుంది. 220 వోల్టుల ఎగుమతి రకాలు అకిహబారాలో విడిగా అమ్ముతారు గానీ ధర ఎక్కువ, పైగా అవి ఎక్కువగా జిగురు బియ్యం కోసం చేసినవి. మన సోనా మసూరికి ఆ ఖర్చు దండగ. ఆ డబ్బుతో కప్పాబషి వెళ్లండి. ఉఎనోకీ అసకుసాకీ మధ్య వంటసామాన్ల వీధి అది. హోటళ్ల వాళ్లు కొనేది అక్కడే. కూరలు తరిగే మంచి కత్తి ఒకటి తీసుకోండి, హ్యాండిల్ పట్టుకుని చూడనిస్తారు, కొన్ని షాపుల్లో మీ పేరు చెక్కిస్తారు. చెక్-ఇన్ పెట్టెలో వేయడం మరిచిపోకండి. హోటళ్ల అద్దాల్లో పెట్టే తిండి నమూనా బొమ్మలు కూడా అక్కడే అమ్ముతారు. చుట్టాలకు ఇవ్వడానికి డైసో లాంటి వంద యెన్ల షాపుల్లో, పన్నుతో 110, వంటింటి సరుకులు, పెన్సిళ్లు, అద్భుతంగా ఉంటాయి. మిఠాయిల్లో చాలావాటిలో గుడ్డు, జెలటిన్ ఉంటాయి. శాకాహార చుట్టాలకు 'యోకాన్' తీసుకురండి. ఎర్ర చిక్కుళ్లు, చక్కెర, సముద్రపు నాచు నుంచి తీసిన అగర్‌తో చేసిన బిళ్ల, ఫ్రిజ్ లేకుండా నెలలు ఉంటుంది.

బేరం ఆడకండి. డబ్బు చేతికివ్వకుండా కౌంటర్ మీదున్న చిన్న పళ్లెంలో పెట్టండి. ఒక షాపులో పన్ను కాకుండా ఐదువేల యెన్లు దాటితే పాస్‌పోర్టు చూపించి పన్ను మినహాయింపు పొందొచ్చు. 2026 నవంబర్ 1 నుంచి మాత్రం ముందు పన్నుతో సహా కట్టి, తిరిగొచ్చేటప్పుడు విమానాశ్రయంలో వెనక్కి తీసుకునే పద్ధతి. ఆ తేదీ తర్వాత వెళ్తే కొన్న వస్తువులన్నీ సూట్‌కేసు అడుగున కాకుండా చూపించగలిగేలా సర్దుకోండి, విమానాశ్రయానికి మామూలు కంటే ఒక గంట ముందు వెళ్లండి.

ఇక ముత్యాలు. మన చార్మినార్ దగ్గర అమ్మేవి ఎక్కువగా మంచినీటి ముత్యాలు. జపాన్‌ది అకోయా, సముద్రపుది, చిన్నది, గుండ్రంగా, లోపల దీపం ఉన్నట్టు మెరుస్తుంది. 1893లో మికిమోతో కోకిచి ముత్యాన్ని పెంచి చూపించింది ఈ రకం ఆల్చిప్పలోనే. టోక్యోలోని గింజా పేటలో ఆయన పేరుతో ఉన్న షాపుకు చూడటానికి వెళ్లండి, ధర అడిగి బయటికి రండి. కొనడం ఒకాచిమాచిలో. అది టోక్యోలో నగల టోకు వ్యాపారుల పేట. మన జైపూర్ వ్యాపారులు కూడా అక్కడ చాలామంది ఉన్నారు. మూడు నాలుగు షాపుల్లో ఒకే సైజు దండలను పక్కపక్కన పెట్టించి, షాపు లైటు కింద కాకుండా గుమ్మం దగ్గర పగటి వెలుగులో చూడండి. మొత్తం దండ కొనే బడ్జెట్ లేకపోతే ఒక జత చెవి దిద్దులు తీసుకోండి. ఈ పని భోజనం తర్వాత పెట్టుకోండి. ఆంధ్రా కిచెన్ ఆ పేటలోనే ఉంది కదా, అత్తయ్యగారు కడుపు నిండా తిని ఉంటే మీకు నాలుగు షాపులు తిరిగే తీరిక ఉంటుంది.